భంగార్ బండీ, మా వంటింటి మోరీ

మరాఠీ ఊళ్లో మన తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌కు నేను కోడలిగా వచ్చింది పంతొమ్మిది వందల యాభైల మొదట్లో. రెండు గదులు, ఒక వంటిల్లు. వంటింటి మూలన మోకాలెత్తు గోడ కట్టిన మోరీ. గిన్నెలు తోమినా, బియ్యం కడిగినా ఆ నీళ్లు మోరీ తూములోంచి వెనక గది బండల కిందుగా వీధి కాలువలోకి పోయేవి. మా అత్త రోజంతా గడప పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. మామ కుంఠా నాకాలో పవర్‌లూమ్ నడిపేవాడు. నా భర్తదీ అక్కడే పని.

ఒక వానాకాలం పొద్దున మోరీ నిండిపోయింది. నీళ్లు వెనక్కి పొంగి పొయ్యి దాకా వచ్చాయి. అత్త చీర కుచ్చిళ్లు ఎగదోపి, వెదురు కర్ర తూములో పెట్టి ఆడించింది. కర్ర కదలదు, నీళ్లు దిగవు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. తూము వైపు చూడలేదు. ఎందుకో తరవాత చెబుతాను.

"ఇట్ల కాదు. అర్రల బండలు లేపాలె," అంది అత్త.

చిక్కంతా అక్కడే ఉంది. వెనక గదిలో ఆ బండల మీద మామ పాత చేనేత మగ్గం విప్పి పేర్చి ఉంది. బట్ట చుట్టే కర్రదోనె, చట్రాలు, విరిగిన రాట్నం, తుప్పు పట్టిన గొలుసులు, పోగును అటూ ఇటూ నడిపే నాడెలు బుట్టెడు. పవర్‌లూమ్‌లో చేరిన రోజున విప్పిన మగ్గమది. "మళ్ల ఎప్పుడన్న పనికొస్తది," అంటూ ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ రోజు పనికి సెలవు కావడంతో మామ ఇంట్లోనే ఉన్నాడు, నా భర్త పొద్దున్నే ఊళ్లోకి వెళ్లాడు. అత్త తడికాళ్లతోనే వెళ్లి ఆయన ముందు నిలబడింది.

"ఏమయ్యా, వంటింట్ల చెరువైంది. ఆ అర్ర ఖాళీ చేస్తవా, నన్ను మా తమ్ముని ఇంటికి పొమ్మంటవా?"

మామ వంటింట్లోకి తొంగిచూశాడు. నీళ్లలో తేలుతున్న పీటను చూశాడు. కాసేపు మీసం దువ్వుకుని, "సరే, భంగార్‌వాలాను పిలువు," అన్నాడు.

నాకప్పటికి మరాఠీ రాదు. ఇంత చిన్న పనికి బంగారం అమ్మాల్సి వచ్చిందా అని నా ప్రాణం ఉసూరుమంది. గదిలోకి పోయి, పుట్టింటివాళ్లు పెట్టిన బంగారు గుండ్లు మెడలోంచి తీసి బియ్యం డబ్బాలో అడుగున దాచాను. పాత సామాను కొనే మనిషిని భంగార్‌వాలా అంటారని, ఒంటెద్దు బండి గుమ్మం ముందు ఆగాక గాని తెలియలేదు.

బండివాడు మరాఠీ మనిషి. మామ, అతనూ కలిసి సామాను మోయడం మొదలుపెట్టారు. కానీ బండిలో వేసిన ప్రతి రెండు వస్తువుల్లో ఒకదాన్ని మామ తిరిగి దింపేవాడు. అత్త దాన్ని మళ్లీ ఎక్కించేది.

"ఈ నాడె మా నాయినది."

"మీ నాయిన నాడెలు ఎన్నున్నయయ్యా? ఇది ఏడోది!"

"బస్ కరా మామా, బైల్ థకలా," అని బండివాడు మొత్తుకున్నాడు. ఇక చాలించమని, తన ఎద్దు నిలబడి నిలబడి అలసిపోయిందట. అదేమో హాయిగా మా గుమ్మానికి కట్టిన మామిడాకులు నములుతోంది. దాన్ని చూసి మామకే నవ్వొచ్చింది. ఒక్క నాడె, ఒక పాత పన్నె మాత్రం చంకలో పెట్టుకుని, "ఇగ తీస్కపో," అన్నాడు.

గది ఖాళీ అయింది. ఇద్దరు మగవాళ్లూ గడ్డపారతో బండ లేపారు. ఇన్నాళ్లూ మోరీ ఎప్పుడు మెల్లగా పారినా మామ బీడీ ఆకు ముక్కల వల్లే అనేవాడు, అత్త ఆయన బట్టలకు అంటుకొచ్చే గంజి నూలు వల్లే అనేది. ఇప్పుడు ఇద్దరూ వంగి చూశారు. తూముకు అడ్డంగా, తెల్లగా ఉబ్బిపోయి, ఒకదాని మీద ఒకటి అతుక్కున్న ముద్దలు.

"ఇదేంది?" అని అత్త కర్రతో పొడిచింది. "జొన్నరొట్టెనా?"

ఇంక దాచి లాభం లేదు. మా పుట్టింట్లో వరి అన్నమే తప్ప రొట్టె చేసే అలవాటు లేదు. ఇక్కడ రెండు పూటలా జొన్నరొట్టె. నేను తట్టినవి అంచులు విరిగేవి, నడుమ పచ్చిగా ఉండేవి. అత్త కంట పడకుండా వాటిని తుంచి మోరీ తూములో కుక్కేదాన్ని.

"నేనే అత్తమ్మా," అని తల వంచుకున్నాను.

ముందు మామ భుజాలు కదిలాయి. తరవాత అత్త కర్ర వదిలేసి, కడుపు పట్టుకుని ఆ తడి బండ మీదే కూలబడి నవ్వింది. ఏమీ అర్థం కాకపోయినా బండివాడూ నవ్వాడు.

"పిచ్చిదానా, రాదంటే నేర్పనా?" అంది అత్త కళ్లు తుడుచుకుంటూ.

తూము శుభ్రం చేశాక మామ ఆ పన్నె తెచ్చాడు. పడుగు పోగులు చిక్కుపడకుండా ఉంచే, దువ్వెన లాంటి పనిముట్టు అది. దాన్ని కళ్లకద్దుకుని, కొలిచి కోసి, తూము నోటికి జాలీలా బిగించాడు.

"పన్నెను మోరీల పెడ్తరా ఎవరన్న?" అంది అత్త.

"సగం పండ్లు ఊడినయి. నూలుకు పనికిరాదు, మెతుకులు ఆపెతందుకు పనికొస్తది."

రోజూ జాలీ దులపడం, వారానికోసారి బూడిద వేసి వేడినీళ్లు పోయడం నా వంతు అయింది. మళ్లీ ఆ మోరీ నిండలేదు.

సాయంత్రానికి, ఖాళీ అయిన గది చూడ్డానికి చుట్టుపక్కల ఆడవాళ్లు బీడీ చాటలతో సహా వచ్చేశారు. గాలి బాగుందని అక్కడే కూర్చుని చుట్టడం మొదలుపెట్టారు. నా రొట్టెల కథ అప్పటికే వీధంతా పాకిపోయింది. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. కానీ ఒకావిడ తను కొత్తకోడలిగా ఉన్నప్పుడు మాడిన పప్పు మోరీలో పోశానంది. ఇంకొకావిడ అత్తగారి నశ్యం డబ్బీ పారేశానంది. నవ్వుల్లో ఆకులు కత్తిరించే చేతులు ఆగిపోయాయి.

"నేను అత్తరు సీస మోరీల ఒంపిన," అంది మా అత్త ఉన్నట్టుండి. "పెండ్లైన కొత్తల ఈయన తెచ్చిండు. ఆ వాసనకు నా తల పగిలిపోతుండె."

గుమ్మం దగ్గర చప్పుడైంది. చేతిలో టీ లోటాతో మామ నిలబడి ఉన్నాడు.

"పిల్లి నూకి పగలగొట్టిందంటివి గదనే!"