వరస తప్పిన చంద్రుళ్ళు

చొక్కాకి కాజా కుట్టడంలో ఆవిడను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. అందుకే ఊరందరికీ ఆవిడ కాజాల పిన్ని. బావగారు పెట్టిన టైలరు షాపులో తోటికోడళ్ళిద్దరూ ఎదురెదురు మిషన్ల దగ్గర కూర్చునేవారు. పిన్నికి ఏళ్ళ తరబడి కీళ్ళవాతం. అదో గడుగ్గాయి జబ్బు. ఒకరోజు ఊసే ఉండదు, మర్నాడు వేళ్ళు బిగదీసి సూది కూడా పట్టుకోనివ్వదు.

"నిన్న గుట్టలు గుట్టలు కుట్టావు, ఇవాళేమొచ్చింది? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అనేది తోటికోడళ్ళలో పెద్దావిడ. నొప్పికంటే ఆ మాటే పిన్నిని ఎక్కువ బాధపెట్టేది. లోకం సంగతెలా ఉన్నా అక్క ఒక్కతి నమ్మితే చాలనుకునేది.

చెప్పి చెప్పి నోరు నొప్పెట్టాక, మిగిలిన గుడ్డముక్కలతో ట్రయల్ గది తెర మీద చంద్రుళ్ళను కుట్టడం మొదలుపెట్టింది. అంతమంది భార్యలుండగా ఒక్కతి మీదే మోజు పడ్డాడని మామగారు చంద్రుణ్ణి క్షీణించిపొమ్మని శపించిన కథ ఆవిడకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఆ మహానుభావుడి శాపానికి కారణమైనా ఉంది, నాకదీ లేదని నవ్వుకునేది. ఏ రోజు ఒంట్లో ఎంత బాగుంటే అంత చంద్రుడు. చెయ్యి ఆడని రోజు చంద్రుణ్ణి చెయ్యి ఆడాక కుట్టేది. పున్నమి పక్కన నెలవంక, దాని పక్కన సగం, మళ్ళీ పున్నమి.

ఓ ఉదయం వచ్చి చూస్తే చంద్రుళ్ళందరూ నెలవంక నుంచి పున్నమి దాకా బుద్ధిగా వరసలో ఉన్నారు.

"ఏదో పరధ్యానంలో వరస తప్పించావు. అన్నీ విప్పి సరిగ్గా కుట్టాను. మెడ పట్టేసిందనుకో," అంది పెద్దావిడ గర్వంగా.

పిన్నికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"తప్పలేదక్కా, అవి నా రోజులు. చంద్రుడి జబ్బుకి వరసుంది. రేపెంత తరుగుతాడో చిన్నపిల్లలకీ తెలుసు. నేను రేపెలా ఉంటానో నాకే తెలీదు."

పెద్దావిడ మిషన్ ఆపి, తెర దగ్గరికి వెళ్ళింది. తర్వాత బ్లేడు తీసుకుని, అంత శ్రమపడి వేసిన కుట్లన్నీ విప్పడం మొదలుపెట్టింది.

"ఏది ఎక్కడుండేదో చెప్పు."

"అన్నీ గుర్తులేవక్కా."

"పోనీ, నిన్నటిది?"

"పున్నమి."

"మరి ఇవాళ్టిది?"

పిన్ని సన్నటి నెలవంకను ముందుకు జరిపింది. పెద్దావిడ దాన్ని పున్నమి పక్కనే గుండుసూదితో గుచ్చి, పిన్ని మిషన్ మీదున్న చొక్కాల కట్టను తన ఒళ్ళోకి లాక్కుంది.

"నా కాజాలు నీ కాజాల్లా ఉండవు. ఎవరైనా వంక పెడితే తిట్లు నేనే తింటాలే," అంది.