వయసు గడిలో పడ్డ రెండు

రెండేళ్ల కిందట, ఎండాకాలం. మదనపల్లెలో ఒక చెప్పుల షాపు మీద అద్దె గదిలో కూర్చుని వెబ్‌సైట్లు తయారుచేసేదాన్ని. పుంగనూరు పశువుల డాక్టరు ఒకాయన, రైతులు ఫోన్‌లోంచే తనను పిలిపించుకునేలా సైటు కావాలన్నాడు.

మా పనిలో యూజర్ ఎక్స్‌పీరియన్స్ అని ఒక మాట ఉంది. వాడేవాళ్లు తికమక పడకుండా పని ముగించుకోవాలని దాని అర్థం. అడిగే ప్రశ్నలు ఎంత తగ్గిస్తే అంత మంచిదని నా పిచ్చి. డాక్టరు పదకొండు ప్రశ్నలు రాసిస్తే నాలుగుకు కుదించాను. "ఆవు ఈనిందా?" అన్నదాన్నీ కొట్టేశాను. వయసు ఎలాగూ అడుగుతున్నాం, రెండేళ్లదైతే ఇంకా ఈనని పెయ్యే కదా అనుకున్నాను. ఈనిన ఆవులు అర్జెంటు జాబితాలోకి, పెయ్యలు మరుసటి రోజుకి వెళ్లేలా కట్టాను. డాక్టరూ సరేనన్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సైటు మొదలైన రెండో వారం, ఎలా నడుస్తోందో చూద్దామని డాక్టరుతో పాటు కారెక్కాను. జాబితాలో మొదటి పేరు రెడ్డెమ్మ, రామసముద్రం దగ్గర పల్లె. పెయ్య, రెండేళ్లు, లేవడం లేదు. ముందురోజు పొద్దున పంపిన వివరాలు.

మేము వెళ్లేసరికి కొట్టం ముందు పెద్ద జెర్సీ ఆవు చచ్చిపడి ఉంది. పక్కన రెండు రోజుల దూడ.

"ఇది పెయ్య కాదు కదమ్మా," అన్నాడు డాక్టరు.

"రెండో ఈత సార్. ఈనిన మర్నాడే పడిపోయినాది," అంది రెడ్డెమ్మ.

"మరి వయసు రెండని పెట్టావే?"

"మేము ఈతల్లోనే కదా సార్ సెప్పేది. రెండో ఈత అని కొడితే ఎక్కలా. అంకె మాత్రం ఎక్కినాది."

ఆ గడిలో అక్షరాలు పడకుండా కట్టింది నేనే.

ఈనగానే ఒంట్లో కాల్షియం తగ్గి వచ్చే జబ్బని, నిన్ననే సూది పడి ఉంటే లేచి నిలబడేదని డాక్టరు నాతో మెల్లగా చెప్పాడు.

"ఇంకెవరినీ పిలవలేదా అమ్మా?" అని అడిగాను.

రెడ్డెమ్మ ఫోన్ తీసి నా ముందు పెట్టింది. నేను గీసిన పచ్చ టిక్కు. కింద నేను రాసిన మాటలు: మీ వివరాలు అందాయి, నిశ్చింతగా ఉండండి.

"ఊర్లో గొడ్ల కాంపౌండరు ఉండాడు. వస్తానన్నాడు గూడా. డాక్టరు వస్తాండాడు, వద్దులేప్పా అని నేనే పంపిచ్చేస్తిని."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాటలు రాయడానికి నేను అర నిమిషం కూడా ఆలోచించలేదు.

ఆ వారమే వయసు గడి పీకేసి, ఎన్నో ఈత, ఈని ఎన్ని రోజులైంది అని పెట్టాను. టిక్కు బదులు డాక్టరు ఏ రోజు వస్తాడో, అంతదాకా ఆగలేకపోతే ఏ నంబరుకు చేయాలో కనిపిస్తుంది. ఇప్పుడు కుప్పంలో బట్టల షాపుకు సైటు చేసినా, ముందు కొనేవాళ్ల పక్కన కూర్చుని వాళ్లెలా అడుగుతారో వింటాను. గడులు ఆ తర్వాతే.

కొత్త ఫారం మొదట రెడ్డెమ్మకే చూపించాను. తిట్టినా పడదామనే వెళ్లాను. ఆమె దూడకు సీసాతో పాలు పడుతూ, ఒక్కో ప్రశ్నా వేలు పెట్టి చదివింది.

"ఈ మాట ఆ పొద్దే అడిగింటే సెప్పేదాన్ని కదమ్మా," అంది.