ముందే కొన్న ఫ్రేమ్, చివర నిలబడ్డ బాపు

ఫోటో ఇంకా ప్రింటు కాకముందే ఫ్రేమ్ కొనేశారు. బాపు ఒక కొస, కాక ఒక కొస పట్టుకొని బోధన్ బస్సు దిగి, ఆటోలో కంఠేశ్వర్‌లోని మా దుకాణానికి తెచ్చారు. మాది జిరాక్సు, ఫోటో ప్రింట్ల దుకాణం. కౌంటరు మీద ఉన్న కాగితాలన్నీ పక్కకు జరిపితే గానీ ఆ ఫ్రేమ్ పట్టలేదు.

"టేకు కట్టె బిడ్డా. ఎవలో ఆర్డర్ ఇచ్చి తీస్కపోలేదట. మంచిగున్నదని తీసుకున్నం," అన్నాడు కాక.

బాపు అంటే మా నాన్న. కాక ఆయనకు సొంత తమ్ముడు కాడు. ఇద్దరూ చక్కెర ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. కాక చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర, బాపు చక్కెర ఉడికే పాన్ దగ్గర. అక్కడ పనిచేసిన వాళ్లంతా ఏడాదికొకసారి కలిసి భోజనం చేస్తారు. ఈసారి తమ సంఘం గదిలో పాత గ్రూప్ ఫోటో ఒకటి పెద్దది చేయించి పెట్టాలనుకున్నారు. జీవితమంతా బండ్లు తూచిన మనిషి, ఫోటో కొలవకుండా ఫ్రేమ్ కొన్నాడు.

ఫోటోను స్కాన్ చేసి తెర మీద పెట్టాను. వెనక చిమ్నీ, ముందు మూడు వరసల్లో మనుషులు, నడుమ కుర్చీలో కాక. కుడివైపు చిట్టచివర మా బాపు, అది కూడా ఒక భుజం ఫోటోలో పడకుండా. ఆ రోజు అందరినీ ఫోటోకు పిలిచినప్పుడు బాపు పాన్ మీద ఉన్నాడు. చక్కెర గింజ కట్టే సమయంలో పాన్ వదిలి రాకూడదు. ఇంకొకరు వచ్చి పాన్ దగ్గర నిలబడ్డాక పరుగెత్తుకొచ్చి, దొరికిన జాగాలో నిలబడ్డాడు.

ఫోటో వెడల్పు దాని ఎత్తుకు రెండింతలు. ఫ్రేమ్ లోపలి వెడల్పు ముప్పై అంగుళాలు, ఎత్తు ఇరవైనాలుగు. కంప్యూటర్‌లో వెడల్పుకూ ఎత్తుకూ మధ్య చిన్న తాళం గుర్తు ఉంటుంది. అది వేసి ఉంటే, ఒకటి పెంచగానే రెండోదీ అదే లెక్కన పెరుగుతుంది. వెడల్పు ముప్పై కొట్టాను. ఎత్తు పదిహేను దగ్గర ఆగింది.

"మిగిలిన తొమ్మిది అంగుళాలు ఏమైతయి?" అన్నాడు కాక.

"తెల్లగా ఉంటుంది కాకా."

"వద్దు బిడ్డా. మా తోటోళ్లల్ల ఇప్పటికే చానమంది పోయిండ్రు. ఇంకెవలికో జాగ ఉంచినట్టు కొడ్తది. గా తాళం తియ్యి."

తీసి, ఎత్తు ఇరవైనాలుగు చేశాను. మనుషులంతా ఒక్కసారి నిలువునా సాగారు. ముఖాలు దొండకాయల్లా అయ్యాయి. చిమ్నీ తెర పైదాకా పోయింది. కాక మాత్రం అద్దాలు సర్దుకొని తనను తాను చూసుకున్నాడు. ఆయన పొట్టివాడు.

"గిప్పుడు మంచిగున్న," అన్నాడు.

"ఏం మంచిగుంటివి తమ్మీ," అన్నాడు బాపు. "చెరుకు గడలకు అంగీలు తొడిగినట్టున్నం అందరం."

"అయితే గట్లనే పాత తీరుగ పెద్దగ చేసి, రెండు దిక్కుల మిగిలింది కోసెయ్యి," అన్నాడు కాక.

ఇదే జరుగుతుందేమోనని నాకు ముందు నుంచీ భయంగా ఉంది. ఎత్తు ఇరవైనాలుగు చేస్తే వెడల్పు నలభై ఎనిమిది అవుతుంది. అటు తొమ్మిది అంగుళాలు, ఇటు తొమ్మిది అంగుళాలు పోవాలి. కోత గీతను జరిపి చూపించాను. కుడి గీత బాపుకు చాలా ఇవతలే పడింది. నడుమ కుర్చీలో కూర్చున్న తనను చూసుకుంటున్న కాకకు అది కనిపించలేదు. బాపుకు కనిపించింది.

"కొయ్యి బిడ్డా, ఏమైతది," అన్నాడు మెల్లగా. "నేను నీ ముంగటనే ఉన్న గద."

అంటున్నాడే గానీ ఆయన చూపు తెర కుడి అంచు మీదే ఉంది. నా చేయి మౌస్ మీద ఉంది. నొక్కబుద్ధి కాలేదు.

నేను చదివింది పదో తరగతి. మిగతా చదువంతా జిల్లా గ్రంథాలయంలోది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. అక్కడ అట్ట ఊడిపోయిన డ్రాయింగ్ పుస్తకమొకటి ఉండేది. బొమ్మకు మూల నుంచి మూలకు గీత గీసి, ఆ గీతను ఎంత పొడిగించినా దాని మీద మూల ఆనే దీర్ఘచతురస్రాలన్నీ మొదటి బొమ్మ పోలికనే ఉంచుతాయని అందులోనే నేర్చుకున్నాను. కంప్యూటర్ కొనకముందే నాకు ఆ తాళం సంగతి తెలుసు. అందుకే ఒక అట్టముక్క తీసుకొని, స్కేలు పెట్టి, గీత గీసి, నిష్పత్తి అంటే ఏమిటో కాకకు మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. సాగదీయడం ఎందుకు తప్పో, కోయడం ఎందుకు నష్టమో, ఫ్రేమ్ ఆకారం ఫోటోకు ఎందుకు కుదరదో అంతా చెప్పాను.

కాక ఓపికగానే విన్నాడు.

"బిడ్డా, ఫోటో వెట్టుమన్నం. లెక్కల పరీక్ష వెట్టుమనలే," అన్నాడు. "అది గాదు గని, గా సాగదీసిందే ఇంకొంచెం తక్కువ సాగదియ్యి."

అప్పుడు బాపు అడిగాడు. "తమ్మీ, పాన్‌ల గింజ ఒక దిక్కే పెరిగితే ఏమంటుంటిమి?"

"సూదులు వడ్డయంటుంటిమి."

"ఏం చేస్తుంటిమి?"

"మల్ల కరగవోస్తుంటిమి."

"మరి మనల సూదులు చేసి గోడకు కొట్టుమంటవేంది?"

కాక నవ్వాడు. నా అట్టముక్క చేయలేని పని రెండు మాటల్లో అయిపోయింది. మంచి గింజ అన్ని వైపులా సమంగా పెరుగుతుందని బాపు ఏ పుస్తకంలోనూ చదవలేదు. షిఫ్టుకోసారి గాజుబిళ్ల మీద పాకం చుక్క వేసి, దీపానికి ఎదురుగా పట్టి చూసేవాడు.

"సరే, సాగదియ్యద్దు. కోసుడే నయం," అన్నాడు కాక.

ఇక నేనే చెప్పాల్సి వచ్చింది. "కోస్తే బాపు పోతడు కాకా."

ఆయన అద్దాలు తీసి, తుడుచుకొని, తెర దగ్గరికి వంగాడు. గీతల అవతల ఉన్నవాళ్లను వేలితో లెక్కపెట్టాడు. అటు ఏడుగురు, ఇటు ఎనిమిది మంది.

"గీళ్లందరు పోతరా?"

"పోతరు."

ఆయన బాపు వైపు తిరిగాడు. "సప్పుడు జెయ్యకుంట కూసున్నవేందే అన్నా?"

"నడుమ కూసున్నోనికి అంచులు యాడ కనవడ్తయ్ తమ్మీ."

ఇక దారి కాకే చెప్పాడు. ఫోటో ఉన్న తీరుగానే ఉండాలి. కింద మిగిలిన జాగాలో అందరి పేర్లూ రాయాలి. అప్పుడది ఖాళీ జాగా కాదు. ఎవరి కోసమో ఉంచినట్టూ ఉండదు.

నేను టైపు చేస్తూ కూర్చున్నాను. వాళ్లిద్దరూ ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కరి పేరూ, చేసిన పనీ చెప్పారు. ఒకాయన దగ్గర ఇద్దరూ వాదులాడుకున్నారు. ఆయన చెరుకు పిండే మిల్లు దగ్గర చేశాడని ఒకరు, బాయిలర్ దగ్గరని ఇంకొకరు. చివరికి బోధన్‌లో ఉన్న ఆయన భార్యకు ఫోన్ చేసి అడిగితే, "రెండు చోట్ల చేసిండు, రెండు రాయి," అన్నది. రాశాను. మూడు వరసల పేర్లతో ఆ తొమ్మిది అంగుళాలూ సరిగ్గా నిండాయి.

భోజనాల రోజు నేనూ బోధన్ వెళ్లాను. ఫ్రేమ్ గోడ మీద ఉంది. వచ్చినవాళ్లు ముందు పేరు వెతుక్కొని, తర్వాత ముఖం వెతుక్కుంటున్నారు. బాపు తన ఫోన్ నా చేతికిచ్చి, ఆ ఫోటో దాని తెర మీద కూడా పెట్టమన్నాడు. ఫోన్ తెర నిలువు, ఫోటో అడ్డం. మొదట నడిమి భాగమే కనిపించింది, కుర్చీలో కాక. సైజు మార్చకుండా వేలితో ఫోటోను ఎడమకు జరుపుతూ పోయాను. కుడి అంచు వచ్చి ఆగింది. బాపు, ఆయన పక్కవాళ్లు కొందరు తెర నిండా నిలబడ్డారు.

బాపు చూసి, పక్కనే తింటున్న కాకకు చూపించాడు. "సూడు తమ్మీ, నా ఫోన్ల నువ్వు లేవు."

కాక చేయి కడుక్కొని వచ్చి, ఆ ఫోన్‌ను దగ్గరగా పట్టుకొని ఒక్కొక్కరినే చూశాడు. తర్వాత జేబులోంచి తన ఫోన్ తీసి నాకిచ్చాడు.

"నా దాంట్ల గూడ గదే వెట్టు బిడ్డా. నా మొఖం రోజు అద్దంల సూస్తనే ఉన్న. గీళ్లను వెట్టు."