రెండో కుర్చీ

సెలూన్‌లో ఉన్నవి రెండే కుర్చీలు. గుమ్మం పక్కది అన్నది, లోపలిది తమ్ముడిది. తమ్ముణ్ణి వీధిలో అందరూ చిన్నాయనా అనే పిలుస్తారు, వయసులో పెద్దవాళ్ళు కూడా. పిలుపులో గౌరవానికేం లోటు లేదు. లోటల్లా ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళకే.

పొద్దున లేస్తే చిన్నాయన చెయ్యి వణుకుతుంది. గుక్కెడు మందు పడితే నిలుస్తుంది, కానీ నోరు కంపు కొడుతుంది. గడ్డం గీసేవాడి నోటికీ, గీయించుకునేవాడి ముక్కుకీ మధ్య ఉండేది జానెడు దూరం. తాగితే గిరాకీ పోతుంది, తాగకపోతే చెయ్యి నిలవదు. ఎటు తిరిగినా గోడే. లవంగాలు నమిలాడు, పౌడరు దట్టించాడు, ఊపిరి బిగబట్టి గీశాడు. ఊపిరి బిగబట్టి ఎన్నాళ్ళని బతుకుతాడు చెప్పండి?

ఒకరోజు మొండికేసి, తాగకుండా పనిలోకి వచ్చాడు. సరిగ్గా ఆ రోజే లెక్కల మేష్టారి కుడిచెవి కింద కత్తి దిగింది. ఆయన రిటైరైన మనిషి, మాట తూచి మాట్లాడే రకం. దూది అదుముకుని, అద్దంలో చిన్నాయన వంక ఓసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు. నాలుగు తిట్టి పోయినా బాగుండేది.

ఆ సాయంత్రం అన్న, తమ్ముడి కత్తి తీసి సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"నెలాఖరు దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే ఆ కుర్చీ దగ్గర ఇంకొకణ్ణి నిలబెడతాను. నువ్వు నా తమ్ముడివేరా, కాదన్లేదు. కానీ ఆ మెడలు జనాలవి."

అన్న మాటలో తప్పు పట్టడానికేముంది? తప్పు లేకపోవడమే చిన్నాయన్ని తినేసింది. ఆ కుర్చీ పోతే అతనికి వేరే పని చేతకాదు.

దారి వెతికింది వదిన. "తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారట. పేరు కూడా అడగరట. మన పేటలోనే, లైబ్రరీ మేడ మీద."

"మన పేటలోనా? ఇంకేం వదినా, మైకు పెట్టి చాటింపు వేయించు."

ఎంత పరువు గలవాడో చూడండి. పట్టపగలు మందు కొట్టు ముందు నిలబడటానికి రాని సిగ్గు, మానడానికి వెళ్ళాలనేసరికి ముంచుకొచ్చింది. ఊరికి ఆ చివర ఇంకో మీటింగు ఉందని వాకబు చేసి, బస్సు మారి మరీ వెళ్ళాడు. అది రంగుల కొట్టు పైన గది. సందు మొదట్లోనే మందు కొట్టు కూడా ఉంది. కాళ్ళు అటు లాగుతుంటే తిట్టుకుంటూ మెట్లెక్కాడు.

తలుపు ఓరగా తీసి ఉంది. కుర్చీలు అటు తిరిగి ఉన్నాయి, ఒక్క ముఖమూ కనిపించడం లేదు. ముఖం కనిపించకపోతే మనిషి తెలియడనుకునేది మామూలు జనం. జుట్టు కత్తిరించేవాడికి మనుషులు తెలిసేదే వెనకనుంచి. ముందు వరసలో ఒక నెరిసిన తల, రెండు సుడులు. కుడిచెవి కింద సన్నటి గాటు.

ఆ గాటు పెట్టింది తనే. గిరుక్కున వెనక్కి తిరిగాడు. మెట్ల మీద ఒక భారీ మనిషి టీ గ్లాసుల ట్రేతో ఎక్కి వస్తున్నాడు, ఈ గోడనుంచి ఆ గోడదాకా తానే అయి.

"పదండి పదండి, లోపల ఖాళీ ఉంది."

ఇక దిగే దారి లేదు. చిన్నాయన చివరి కుర్చీలో కూలబడి, చేతులు తొడల కింద దాచుకున్నాడు. అంతలో మేష్టారి వంతు వచ్చింది. లేచి ఇటు తిరిగాడు, చిన్నాయన్ని చూశాడు, ఒక్క క్షణం తడబడ్డాడు.

"బోర్డు మీద నేను గీసే గీతలు వంకర పోయేవి. పిల్లలు నవ్వేవాళ్ళు. గీత తిన్నగా రావాలని తాగి వెళ్ళేవాణ్ణి" అన్నాడు. చిన్నాయన తలెత్తలేకపోయాడు.

మీటింగు అయ్యాక మేష్టారే టీ గ్లాసు తెచ్చి ఇచ్చాడు. గ్లాసు వణికి టీ ఒలుకుతుంటే కింద చెయ్యి ఆనించాడు.

"ఇంత దూరం వస్తారేంటి మేష్టారూ?"

"మన పేట మీటింగుకి మనవాళ్ళెవరూ వెళ్ళర్రా. అక్కడికొచ్చేది ఈ పేటవాళ్ళు."

చిన్నాయనకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఆ రోజు తిట్టలేదేం నన్ను?"

"ఆ వణుకు నాకు కొత్తా? ఏం చెప్పబోయినా నా గుట్టు బయటపడుతుంది. అందుకే నీ కుర్చీకి రావడమే మానేశాను. తప్పు చేశాను."

చిన్నాయన అన్న పెట్టిన గడువు సంగతి చెప్పాడు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఉన్నట్టుండి మానేస్తే ఒళ్ళు తట్టుకోదు, ఆయన చెప్పినట్టు మానాలి. వణుకు కొన్నాళ్ళు ఉంటుంది."

"మరి కుర్చీ?"

మేష్టారు దవడ తడుముకున్నాడు. సొంతంగా గీసుకుంటున్నాడు కాబోలు, అక్కడక్కడా వెంట్రుకలు మిగిలిపోయాయి. "పొద్దున్నే వచ్చి కూర్చుంటాను. నువ్వు నురగ పుయ్యి, చాలు. గీసే పని మీ అన్నది."

డాక్టరు మందులు రాసిన మర్నాడు మేష్టారు వచ్చాడు. గుమ్మం పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా దాటుకుని లోపలి కుర్చీలో కూర్చున్నాడు. చిన్నాయన బ్రష్షు పట్టుకున్నాడు. నురగ చెవుల్లోకి పోయింది, ముక్కు మీద పడింది. మేష్టారు కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్నాడు. అన్న సొరుగులోంచి తమ్ముడి కత్తి తీసుకుని వచ్చి, అతని చెయ్యి పని ముగించేదాకా పక్కనే నిలబడ్డాడు.

గీయడం అయ్యాక అన్న కత్తి కడిగి, సొరుగులో పెట్టి, మళ్ళీ తాళం వేశాడు. చిన్నాయన ఆ తాళం వంకే చూస్తున్నాడు. అన్న తాళంచెవి జేబులో వేసుకుంటూ అన్నాడు:

"రేపు నీళ్ళు కాస్త వేడిగా పెట్టరా. మేష్టారిది గరుకు గడ్డం."