ఎదురుకాళ్ళ పిల్ల

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో, దాదాపు నాలుగు వారాల పాటు నా ఒంటి మీద ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. అమ్మ చెయ్యి కూడా.

అప్పుడు మేం రేపల్లె శివార్లలో ఉండేవాళ్ళం. వానాకాలం. బడికి తీసుకెళ్ళే ఆటో ఒక రోజు మలుపు దగ్గర జారి పంటకాలువలోకి ఒరిగిపోయింది. నీళ్ళు పెద్దవాళ్ళకి మోకాలి లోతే. కానీ నేను అడుగున పడ్డాను. నా మీద సంచులు, సంచుల మీద పిల్లలు. పొలంలో పని చేసుకుంటున్న ఒకాయన పరిగెత్తుకొచ్చి లోపలికి చెయ్యి పెడితే ఆయనకి నా జడ దొరికింది. జడ పట్టుకునే బయటికి లాగేశాడు. అందరం బతికాం. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అదృష్టవంతురాలినన్నారు. ఆ మాట నిజమే, ఆ చెయ్యే నన్ను బతికించింది. కానీ మర్నాడు పొద్దున అమ్మ దువ్వెన పట్టుకుని వెనక నుంచి తల మీద చెయ్యి వెయ్యగానే నేను పెట్టిన కేకకి నాన్న స్నానం మధ్యలో తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

మొదట తల. తర్వాత భుజాలు. వారం తిరిగేసరికి ఎవరైనా పక్కన వచ్చి కూర్చుంటే లేచి వెళ్ళిపోయేదాన్ని. డాక్టరుగారు చూసి, ఒంట్లో ఏ లోపమూ లేదు, భయపడింది, ఓపిక పట్టండి అన్నారు. అమ్మ దిష్టి తీసింది. నాన్న తాయెత్తు తెచ్చాడు గానీ కట్టడానికి నేను చెయ్యి ఇవ్వకపోవడంతో అది నా పుస్తకాల సంచికి కట్టాల్సి వచ్చింది.

నా జుట్టు నడుం దాకా ఉండేది. దువ్వెన లేక, నూనె లేక మెడ దగ్గర ముద్ద కట్టింది. పేలు పడ్డాయి. బడిలో టీచరు అమ్మకి చీటీ పంపింది. ఒక శుక్రవారం సాయంత్రం తలుపు చాటు నుంచి అమ్మానాన్నల మాటలు విన్నాను. ఆదివారం గుండు చేసే అతన్ని ఇంటికే పిలిపిస్తారట.

“కాళ్ళు మీరు పట్టుకోండి, చేతులు నేను పట్టుకుంటా. అయిదు నిమిషాల పని,” అంటోంది అమ్మ, ఏడుస్తూ.



జుట్టు పోతుందని నాకు బాధ లేదు. కానీ వాళ్ళిద్దరూ కలిసి నన్ను కదలకుండా పట్టుకుంటారు. ఆ తర్వాత ఇక ఎప్పటికీ వాళ్ళ దగ్గరికి వెళ్ళనని నాకు స్పష్టంగా తెలిసిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్లకి అలాంటివి తెలుస్తాయి. పెద్దవాళ్ళే నమ్మరు.

మా పక్కింటి మామ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా కాళ్ళు చాపుకుని, వాటి మీద బిడ్డని బోర్లా వేసుకుని నలుగు పెట్టి నీళ్ళు పోసేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. మిగతా ఆరు రోజులూ ఆమె చేతులు ఆముదం వాసన వేసేవి. నేను పుట్టినప్పుడు కానుపు గదిలో ఆమె కూడా ఉందని అమ్మ చెబుతుండేది. అమ్మ ఆ రాత్రే ఆమెకి సంగతంతా చెప్పుకున్నట్టుంది. శనివారం పొద్దున్నే గోడ మీదుగా మామ్మ తల కనిపించింది.

“ఏమే, ఎదురుకాళ్ళ పిల్లా! నా నడుం పట్టేసింది. వచ్చి కాస్త తొక్కి పోవే.”

మా వైపు ఒక నమ్మకం ఉంది. కడుపులోంచి తలకి బదులు కాళ్ళు ముందు వచ్చి పుట్టినవాళ్ళు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని. నేను అలా పుట్టానని నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మ ఏదో అనబోయి, మామ్మ మొహం చూసి, నోరు మూసుకుంది.

“దాన్నెందుకు మామ్మగారూ, ఎవరు తాకినా కేకలు పెడుతోందండి,” అంది చివరికి.

“నేనెందుకు తాకుతానమ్మా? అది కదా నన్ను తొక్కేది!”

వెళ్ళాను. నాలో ఏదో మహిమ ఉందంటే ఏ పిల్ల వెళ్ళదు? మామ్మ వరండాలో చాప పరుచుకుని బోర్లా పడుకుంది. రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని, “చూడు, ఇవి ఇక్కణ్ణుంచి కదలవు. నేను చాలంటే నువ్వు ఆపాలి. నువ్వు చాలంటే నేను లేచిపోతా,” అంది. కిటికీ ఊచ పట్టుకుని ఒక పాదం ఆమె నడుం మీద పెట్టాను. వెచ్చగా ఉంది. ఆమె ఊపిరి పీల్చినప్పుడు నా పాదం లేచింది, వదిలినప్పుడు దిగింది. ఇన్ని రోజుల తర్వాత ఇంకో మనిషి ఒంటి వెచ్చదనం నాకు తగలడం అదే మొదలు. నా అంతట నేను వెళ్ళి తగిలాను కాబట్టి భయం వెయ్యలేదు.

“అబ్బ, నీ బరువు బంగారం గానూ! పిల్లి నడిచినా ఇంతకంటే తెలుస్తుందే. తిండి పెట్టట్లేదా మీ అమ్మ?”

నవ్వొచ్చింది. రెండో పాదం కూడా పెట్టాను.

కాసేపయ్యాక లేచి కూర్చుని, భుజం కూడా లాగేస్తోందని, చేత్తో రాయమని ఆముదం గిన్నె నా ముందుకి జరిపింది. నేను చెయ్యి నేరుగా వెనక నుంచి వెయ్యబోతే ఆపింది. ముందు చెయ్యి చూపించాలంది. ఎక్కడ పెట్టబోతున్నామో చెప్పాలంది. “నెలల పిల్లకైనా అంతే. నీకు నీళ్ళు పోసినప్పుడు కూడా చెప్పే పోశా. నీకేం అర్థమైందో నాకు తెలీదు గానీ, నా చేతులకి అర్థమయ్యేది.” తర్వాత కొప్పు ఊడదీసి పల్చటి తెల్లజుట్టు నా చేతికిచ్చింది. దువ్వాను. మధ్యలో ఒకసారి “చాలు” అంది. దువ్వెన అక్కడే ఆపేశాను. “మంచిదానివి,” అంది. ఎందుకు మంచిదాన్నయ్యానో అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత తన అరచెయ్యి వెల్లకిలా నా ముందు పెట్టింది. ఆ చెయ్యి తనది కాదనీ నాదేననీ, నేను ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికే వస్తుందనీ చెప్పింది. చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఆమె తొందరపెట్టలేదు. వీధిలో పోతున్న కూరలమ్మితో బెండకాయల బేరం కూడా ఆడింది, చెయ్యి మాత్రం కదల్చకుండా. చివరికి ఆమె మణికట్టు పట్టుకుని నా తల మీదికి నేనే తెచ్చుకున్నాను. చాలన్నాను. చెయ్యి వెంటనే వెనక్కి పోయింది. నమ్మలేక మళ్ళీ తెచ్చుకున్నాను. చాలన్నాను. మళ్ళీ పోయింది.

“కరెంటు స్విచ్చు అనుకుంటున్నావే నన్ను!” అంది మామ్మ. అలా ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. మధ్యాహ్నానికి ఆమె వేళ్ళు నా జుట్టులో ఉన్నాయి, జుట్టు నిండా ఆముదం ఉంది. ముద్ద కట్టిన చోట చిక్కు ఎంతకీ రాలేదు. కత్తెర నా చేతికే ఇచ్చింది. నేనే కోసుకున్నాను, వంకరటింకరగా.

అప్పటిదాకా గోడ అవతల నిలబడి చూస్తున్న అమ్మ ఇక ఆగలేక పరిగెత్తుకొచ్చింది. నన్ను దగ్గరికి తీసుకోబోయింది. నేను గోడకి అతుక్కుపోయాను.

“ఆగమ్మా,” అంది మామ్మ. “అడుగు దాన్ని.”

మా ఇంట్లో పిల్లల్ని అడిగే అలవాటు లేదు. అమ్మ అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. “అమ్మడూ, దగ్గరికి తీసుకోనా?” అంది. నేను అమ్మ మొహం చూశాను. ఎంత ఆశగా ఉందో ఇప్పటికీ గుర్తే. అయినా, “ఇప్పుడొద్దు,” అన్నాను.

అమ్మ చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఉండిపోయింది. తర్వాత వెనక్కి తీసుకుంది. “సరే నాన్నా,” అంది.

గుండు చేసే అతన్ని రావద్దని నాన్న ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పొచ్చాడు. అదే సాయంత్రం మామ్మ పంపు దగ్గర రెండు బిందెలు నింపుకుని, చెరో చంకనా ఒకటి పెట్టుకుని, నా ముందే చకచకా నడిచి వెళ్ళింది. నడుం మాట ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. పెద్దయ్యాక అమ్మే చెప్పింది, నేను అందరు పిల్లల్లాగే తల ముందు పెట్టుకుని సలక్షణంగా పుట్టానని.

అమ్మ ఆదివారం అడిగింది. వద్దన్నాను. సోమవారం, మంగళవారం కూడా అడిగింది. ప్రతిసారీ అరచెయ్యి చూపించి అడగడం, సరేనని వంటింట్లోకి వెళ్ళిపోవడం. బుధవారం పొద్దున స్కూలుకి వెళ్ళేముందు దువ్వెన తీసుకుని నేనే వెళ్ళి అమ్మ ముందు కూర్చున్నాను. అమ్మ అప్పుడు కూడా అడిగింది. ఊఁ అన్నాను. ఆ రోజు బడికి ఆలస్యమైంది, చిన్న జడ వెయ్యడానికి అమ్మ అంతసేపు తీసుకుంది.

నా భయం ఆ వారంతో పూర్తిగా పోలేదు. ఆటో ఎక్కడానికి ఇంకో ఏడాది పట్టింది. కానీ పోయే దారి మాత్రం ఆ శనివారమే దొరికింది.

ఇప్పుడు నేను తెనాలిలో పని చేస్తున్నాను. భయం ఒంట్లో గడ్డకట్టుకుపోయినవాళ్ళకి, డాక్టర్ల వైద్యంతో పాటు, స్పర్శతో ఊరటనిచ్చే పని. ఎక్కడ చెయ్యి ఆనించాలో, ఎంత ఒత్తాలో, మనిషి తన అరచేతిని తన గుండె మీదే పెట్టుకుని ఊపిరిని ఎలా కుదుటపరుచుకోవచ్చో చదువులో నేర్పారు. అవన్నీ పనికొస్తాయి. నేను కొత్తవాళ్ళతో గట్టిగా మాట్లాడలేని మనిషిని, అయినా నేను పని చేసే గదిలో నాకు బెరుకు ఉండదు. మామ్మ వరండాలో నేర్చుకున్న ఒక్క సంగతి నా చేతుల్లో ఉంది. ఎదుటివాళ్ళ ‘వద్దు’ నిలబడితేనే వాళ్ళ ‘సరే’కి ప్రాణం వస్తుంది.

మొన్న నిజాంపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. చేపల వేటకెళ్ళిన పడవ తిరగబడ్డప్పటి నుంచీ నిద్ర లేదు, భార్య చెయ్యి తగిలినా ఉలిక్కిపడి లేస్తాడు. అరచెయ్యి చూపించి, “భుజం మీద పెట్టనా బాబాయ్?” అని అడిగాను.

“వద్దమ్మా,” అన్నాడు. అనేసి, కోపమొచ్చిందేమోనని నా మొహంలోకి చూశాడు.

“సరే బాబాయ్,” అని చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన ఊపిరి వదిలాడు, చాలా రోజులుగా బిగబట్టి ఉన్నట్టు. ఆ ఊపిరి ఎలాంటిదో నాకు తెలుసు.