ఖాదర్ మాస్టారి గిటార్ ఎవరి ఫోన్‌లోనైనా ఉందా?

నిన్న పొద్దున బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. మా ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయించే శీను ఫోన్.

"మాస్టారు పోయారన్నా. హార్ట్ ఎటాకంట."

ఏ మాస్టారురా అన్నాను.

నాకున్నదే ఒక్క మాస్టారు. అయినా అడిగాను. గ్రీన్ పడింది, వెనకాల అందరూ హారన్లు కొడుతున్నారు, నాకు బండి ఎలా తీయాలో తెలియలేదు.

ఖాదర్ మాస్టారు. వన్ టౌన్‌లో మేడ మీద గది. పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా స్టేజి మీద ఓ పక్కగా కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని లీడ్ గిటార్ వాయించే ఆయన. మీలో చాలామంది చూసే ఉంటారు. పేరు తెలిసుండదు.

నాకు గిటార్ నేర్పింది ఆయనే.

సోలోల కోసం నేర్చుకుని పెట్టుకునే చిన్న చిన్న ఫ్రేజుల్ని మేం స్టైల్‌గా లిక్స్ అంటే నవ్వేవారు. ఆయనకి అవి 'ముక్కలు'. సోలో ఆకాశంలోంచి ఊడిపడదురా, నీ దగ్గర ముక్కలుండాలి, వాటిని అతకడం రావాలి అనేవారు.

వారానికి ఒక్క ముక్కే ఇచ్చేవారు. ముందు నోటితో పాడాలి. గిటార్ మీద ఎక్కడ మొదలుపెట్టినా రావాలి. తర్వాత దాని తోక కోసేసి, పోయిన వారం ముక్కకి తగిలించాలి. ఆ వారం పెళ్ళిలో, స్టేజి మీద, అది ఎక్కడో ఒకచోట పడి తీరాలి. పడకపోతే కొత్త ముక్క లేదు.

ఫోన్‌లో రికార్డ్ చేసుకోనిచ్చేవారు కాదు.

"ఫోన్‌లో పెడితే ఫోన్‌కొస్తుంది. నీకెందుకొస్తుందిరా?"

ఒకసారి గుడివాడలో రిసెప్షన్. పెళ్ళికూతురు మేకప్ ఇంకా అవలేదు, ఈ పాటే కాసేపు లాగండి అన్నారు. నేను పక్కన రిథమ్ గిటార్. మాస్టారు నావైపు చూసి తలూపారు, సోలో నీదే అని.

ఉన్న ముక్కలన్నీ గబగబా వాయించేశాను. పాట ఇంకా తిరుగుతూనే ఉంది, నా దగ్గర ఏమీ లేదు. చేతులు ఆగిపోయాయి.

నేను ఆగిన నోట్ మీదే ఆయన అందుకున్నారు. నా ముక్కల్లోంచే ఒకటి తీసుకుని, నెమ్మదిగా, మధ్యలో ఖాళీలు వదులుతూ, పెళ్ళికూతురు వచ్చేదాకా దాన్నే తిప్పి తిప్పి వాయించారు.

భోజనాల్లో నా పక్కనే కూర్చున్నారు.

"ఉన్న కూరంతా మొదటి ముద్దకే కలిపేసుకుంటే ఎట్టారా? మిగతా అన్నం దేంతో తింటావ్?"

నిన్న సాయంత్రం ఆయన్ని సాగనంపి వచ్చాం. వాళ్ళమ్మాయి నస్రీన్ దగ్గరికొచ్చి అడిగింది.

"అన్నా, డాడీ వాయించింది ఏదైనా ఉంటే పంపవా? అమ్మ వింటానంటోంది."

అదేం పెద్ద పనమ్మా, ఇప్పుడే పంపిస్తా అన్నాను. ఇన్నేళ్ళు ఇన్ని పెళ్ళిళ్ళు వాయించారు కదా.

తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి పాత పెళ్ళి వీడియోలు బయటికి తీయించాను.

అన్నిట్లో మాస్టారున్నారు. వేళ్ళు కదులుతున్నాయి. సౌండ్ మాత్రం సినిమా పాట. మన పెళ్ళి వీడియోల సంగతి తెలిసిందేగా, ఎడిటింగ్‌లో ఆర్కెస్ట్రా సౌండ్ మొత్తం తీసేసి పైన సినిమా పాట అతికిస్తారు.

నా పెళ్ళి వీడియో కూడా అంతే. ఆ రోజు ఆయన నా కోసం ఎంత వాయించారో. ఒక్క నోట్ లేదు.

పొద్దున్నుంచీ గిటార్ పట్టుకుని కూర్చున్నా. ముక్కలన్నీ వస్తున్నాయి. కానీ ఆయన తీగ లాగి పై నోట్‌కి వెళ్ళేటప్పుడు చివర్లో కాస్త ఆగేవారు, వెళ్ళాలా వద్దా అన్నట్టు. అది రావట్లేదు. ఎన్నిసార్లు లాగినా నాలాగే వస్తోంది.

భయంగా ఉంది. ఇంకొన్నాళ్ళు పోతే నాకు గుర్తున్నది కూడా ఆయనది కాకుండా నాదైపోతుంది.

ప్లీజ్.

మీ ఇంట్లో పెళ్ళికి మేం వచ్చుంటే పాత ఫోన్లు తీసి చూడండి. వీడియోగ్రాఫర్ బ్రదర్స్, ఎడిట్ చెయ్యని ఫుటేజ్ ఏ హార్డ్ డిస్క్‌లోనైనా పడుందేమో వెతకండి. పిల్లలు ఏడుస్తున్నా, వడ్డించేవాళ్ళు సాంబార్ సాంబార్ అని అరుస్తున్నా పర్లేదు. వెనకాల ఎక్కడో గిటార్ వినపడితే చాలు. మీ కాళ్ళు పట్టుకుంటా.

నస్రీన్ నుంచి ఇందాక మెసేజ్ వచ్చింది. "దొరికిందా అన్నా?" అని పైన కనపడుతోంది. తెరవలేదు. తెరిస్తే బ్లూ టిక్ పడుతుంది.

వెళ్ళి రండి మాస్టారూ. ఆ చేతులకి ఇప్పటికైనా కాస్త రెస్ట్ ఇవ్వండి.

అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి.