మామ మొలతాడుకు చిమ్టా

మా మేనమామ నారాయణఖేడ్ బజారులో నడుస్తూ నడుస్తూ ఆగి వెనక్కి చూసేవాడు. "ఎవరన్న పిలిచిన్రా?" అని నన్ను అడిగేవాడు. "లేదు మామా, పా" అనేదాన్ని.

మా దిక్కు జాతరనాడు అడవిలోంచి గుట్ట మీది గుడి దాకా వట్టి కాళ్లతో పరుగు పందెం ఉండేది. గెలిచినవాడికి కోడెను ఇచ్చేవారు. మామ మొలతాడుకు ముళ్లు తీసే చిమ్టా వేలాడేది. దారిలో ఎవరు కుంటినా ఆగి ముల్లు తీసేవాడు, అందుకే ఏటా ఓడిపోయేవాడు. ఒక ఏడు ఆయన ఎద్దు చచ్చిపోయింది. "గీసారి ఎవ్వని కోసం ఆగకు. కోడె లేకుంటే దున్నుడెట్ల?" అంది అత్త.

రాళ్ల దారిలో వెనక నుంచి ఆయన దోస్తు అరిచాడు. "అరే ఆగురా, కాల్ల ఏందో గుచ్చుకుంది."

"ముల్లే గదరా, నువ్వే తీస్కో" అని మామ ఆగకుండా ఉరికాడు. అందరికంటే ముందు గుడి చేరాడు. తర్వాత ఊపిరి లేని దోస్తును మోసుకొచ్చారు. కరిచింది పాము.

మామ ఆ కోడెను దోస్తు ఇంటి ముందు కట్టేసి వచ్చాడు. మళ్లీ ఎన్నడూ పందెంలో దిగలేదు.

ముసలితనంలో దవాఖాన మంచం మీద కూడా అదే మాట అడిగాడు. ఆ ఒక్కసారి నేను, "అవు మామా, నీ దోస్తు పిలుస్తుండు" అన్నాను. మామ చెయ్యి మెల్లగా మొలతాడు మీదికి పోయి, చిమ్టా కోసం వెతికింది.